డ్రైవింగ్ సీటు

కొత్తచెరువులో మా ఇంటికి కారు కొనాలనుకున్నప్పుడు అందరి అవసరాలూ లెక్కకొచ్చాయి: అత్త మోకాళ్లకు తగిన ఎత్తు, పిల్లలకు మూడో వరస సీట్లు, మైలేజీ. దగ్గర్లోని పెనుకొండ మండలం ఎర్రమంచిలో 2019 నుంచీ కియా కార్లు తయారవుతున్నాయి. 2022లో వచ్చిన మూడు వరసల కారెన్స్ కూడా అక్కడిదే. అదీ చూశాం, వేరేవీ చూశాం.

బండ్లు చూడబోతే తాళంచెవి మా ఆయన చేతికే వెళ్లేది. రోజూ నడపబోయేది నేను. అడిగి తీసుకున్నాను. సీటు పైకి లేపుకుంటే ముందు దారి పూర్తిగా కనిపించింది, క్లచ్‌కు పాదం అందింది. మలుపులో స్టీరింగ్ చెప్పినట్టు విన్నది. నాకు తెలియకుండానే నవ్వాను.

"నడుపుతుంటే హాయిగా ఉంది" అంటే, "అదీ ఒక లెక్కేనా?" అన్నారు ఇంట్లో.

లెక్కే. అందరినీ తిప్పే పని నాదైనప్పుడు, అందులో నా సంతోషం విలాసమెలా అవుతుంది? కుటుంబం కారంటున్నాం. ఆ కుటుంబంలో నేనూ ఉన్నాను కదా!