నీడ పెరిగేదాకా

ఈ శీతకాలం పిల్లల సెలవుల్లో అరకులోయకు వెళ్ళివచ్చాము. విశాఖపట్నంలో ఉదయాన్నే కిరండూల్ పాసింజరు ఎక్కినప్పుడు మేము కోరుకున్నది రెండు రోజుల చలి, బొర్రా గుహలు, కిటికీ పక్క సీటు మాత్రమే. శృంగవరపుకోట దాటాక బండి కొండ ఎక్కసాగింది. ఒక సొరంగపు చీకటి నుండి బయటపడి లోయను చూసేలోగా మరొకటి వచ్చేది. నడుమ ఒక స్టేషనులో మా బండిని నిలిపి ఇనుప ఖనిజపు రైలుకు దారి ఇచ్చారు. పెట్టెలు లెక్కించబోయిన పిల్లలు మధ్యలోనే లెక్క తప్పారు.

నిజానికి ఈ దారి పుట్టింది ఆ రైళ్ళ కోసమే. బైలదిల్లా గనుల ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుండి జపానుకు చేర్చడానికి 1960లలో కొత్తవలస–కిరండూల్ మార్గాన్ని నిర్మించారు. కొండకు వచ్చిన ప్రభుత్వ ధనమంతా ఇలా కొండను దాటిపోవడానికేనా అన్న అనుమానం రైలులోనే కలిగింది. మరునాడు కాఫీ తోటల్లో తిరిగాక ఆ అనుమానం సగం తీరింది. సగమే.

కాఫీ అంటే చిక్కమగళూరే అని మేము అనుకునేవాళ్ళము. ఇక్కడ ఎత్తైన సిల్వర్ ఓక్ చెట్ల కింద, మనిషెత్తు కాఫీ మొక్కలకు ఎర్రని పండ్లు గుత్తులుగా వేలాడుతున్నాయి. ఆ చెట్ల బోదెలకే మిరియపు తీగలు పాకించారు. బుట్ట నడుముకు కట్టుకొని పండ్లు కోస్తున్న ఒక పెద్దాయనను, "తాతా, నాటిన ఎన్నాళ్ళకు కాపు వస్తుంది?" అని అడిగాము. ఆయన నవ్వాడు. "మొక్క సంగతి తరువాత బాబూ, ముందు నీడ పెరగాలి గదా!"

ఆ ఒక్క మాటలో ఈ సేద్యపు కష్టమంతా ఉంది. ముందు నీడచెట్లు నాటాలి. అవి రెండు మూడేళ్ళు ఎదగాలి. ఆపైన కాఫీ మొక్క పెడితే, అది కాపుకు రావడానికి మరి మూడు నాలుగేళ్ళు. అంతకాలం ఇల్లు గడవాలంటే పేద గిరిజనుడు ఏం చేయాలి? పోడు కొట్టుకోవాలి, లేదా మైదానానికి వలస పోవాలి. ప్రభుత్వ పెట్టుబడి అక్కరకు వచ్చింది సరిగ్గా ఈ నడిమి ఏళ్ళలోనే. పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ మొక్కలు ఇచ్చింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం వచ్చాక, గోతులు తవ్వడానికి, మొక్కలు నాటడానికి రైతుకు తన పొలంలోనే కూలి దొరికింది. చెరువు పూడిక తీసిన కూలి ఆ వారంతో అయిపోతుంది; ఇక్కడ తవ్విన గొయ్యి ఏళ్ళ తరబడి పంట ఇస్తుంది. పైగా గిరిజనేతరులకు భూమి బదలాయింపును నిషేధించిన 1/70 చట్టం ఉన్నందున, చెట్టు ఎదిగి విలువ పెరిగాక షావుకారు వచ్చి కొనుక్కుపోయే వీలు లేదు. మా దృష్టిలో మొక్కల కంటె ఇదే పెద్ద పెట్టుబడి.

అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కూడా కాఫీ కొంటుంది. ఆ సంస్థ దుకాణంలో పొడి, తేనె కొన్నాము. పొడి బాగుంది, తేనె ఇల్లు చేరకముందే పిల్లలు సగం చేశారు.

అయినా చెట్టు మీద ఆధారపడిన బ్రతుకు చెట్టంత గట్టిదే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను ఈ కొండల మీద విరుచుకుపడినప్పుడు నీడచెట్లు కూలి, కాఫీ మొక్కలు ఎండపాలయ్యాయి. "మళ్ళీ నీడ నుంచే మొదలుపెట్టినాము" అన్నాడు పెద్దాయన. ఆ మాటలో ఫిర్యాదు వినిపించలేదు.

ఆయన ఫిర్యాదు వేరే ఉంది. సాయంత్రం తమ గూడెం చూపిస్తానని వెంటబెట్టుకొని వెళ్ళాడు. తారురోడ్డు, ఆపైన మట్టిబాట, ఆ తరువాత వాగు. వానకాలంలో ఆ వాగు పొంగితే గర్భిణులను కర్రకు కట్టిన డోలీలో మోసుకొని దాటించాలట. కోడలిని రెండేళ్ళ క్రితం అలాగే దాటించారు. బిడ్డ దక్కలేదు.

"కొండ తొలిచి రైలు తెచ్చినారు గదా బాబూ," అన్నాడాయన, వాగు అవతలి గట్టును చూపుతూ. "ఇది ఎంతుంది? ఇరవై అడుగులు."

మేము బదులు చెప్పలేకపోయాము. మా ఆవిడ పిల్లల చెప్పులు చేతబట్టుకొంది. నీళ్ళు మోకాలి లోతే ఉన్నాయి. ఒకరి చేయి ఒకరం పట్టుకొని ఆయన వెనుక వాగులోకి దిగాము.