ఘాజీలో ఉన్నవారు

మునిగిన ఓడలలోనికి గాలి సిలిండర్లు కట్టుకొని వేడుకగా దిగేవారున్నారు. విశాఖ తీరాన మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అటువంటిది కాదు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక అది పేలి మునిగింది. ఎలాగన్నదానిపై రెండు దేశాల మాట నేటికీ ఒకటి కాదు. లోపలనున్న 90 మందికి పైగా, అందరూ చనిపోయారు. మన నావికాదళ డైవర్లు దిగి, అది ఘాజీయేనని రూఢిచేశారు. దానిని మరల గుర్తించిన నావికాదళం, మృతులయెడల గౌరవముతో ముట్టలేదని 2024లో వార్త వచ్చింది.

మా బంగారుపాళ్యం గృహకూటములో ఇది చెప్పగా, "శత్రువులకు అంత మర్యాద ఎందుకు అయ్యగారూ?" అన్నాడొక తమ్ముడు. కువైట్‌లో కొడుకును పోగొట్టుకొని, శవమైనా చూడని ఒక అవ్వ గోడవారగా కూర్చొని ఉంది.

"వాళ్ల పేర్లన్నా ఎవురైనా రాసి పెట్టినారా అయ్యా?" అని నన్నడిగింది.