సముద్రం మధ్య సొంత సర్వర్

ఇంట్లో సర్వర్ ఎందుకు, అన్నీ గూగుల్‌లో దాచుకోవచ్చు కదా అని ఊరి నుంచి వచ్చిన చుట్టాలందరూ అడుగుతారు. హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో ఉండేవాళ్లకు ఆ అనుమానం రావడం సహజమే. అక్కడ ఒక కంపెనీ నెట్ పోతే జేబులో ఇంకో కంపెనీ సిమ్ ఉంటుంది. అండమాన్‌లో లెక్క వేరు. బియ్యం, సిమెంటు, ఉల్లిపాయలు, మందులు, ఇంటర్నెట్టు, ఇక్కడ ఏది కావాలన్నా సముద్రం దాటి రావాల్సిందే. నిత్యం కావలసినవి, పోతే మళ్లీ దొరకనివి మన గుమ్మం లోపలే ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

మా ఇల్లు చాతం వంతెనకు ఇవతల, హడ్డో వైపు. చాతం చిన్న దీవి. 1883లో ఇంగ్లీషువాళ్లు పెట్టిన సామిల్లు ఇక్కడే ఉంది. 1942 మార్చిలో జపాన్ వేసిన బాంబుకు పడిన పెద్ద గొయ్యిని మిల్లు ఆవరణలో ఇప్పటికీ చూపిస్తారు. ఓడల జెట్టీ, డీజిల్ మీద నడిచే పవర్ హౌస్, అవతల బాంబూ ఫ్లాట్‌కి మనుషుల్నీ బళ్లనీ దాటించే ఫెర్రీ, అన్నీ ఆ కాస్త చోటులోనే. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఈ దీవుల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది గానీ, మా నోటికి ఇంకా పాత పేరే వస్తుంది.

2020 ఆగస్టు దాకా ఈ దీవుల ఇంటర్నెట్ ఉపగ్రహాల మీద నడిచేది. ఆ ఉపగ్రహం ఉండేది భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున. మనం ఒక పేజీ అడిగితే ఆ మాట పైకి వెళ్లి మెయిన్‌లాండ్‌లో దిగాలి. జవాబు మళ్లీ పైకెక్కి ఇక్కడ దిగాలి. అంతా కలిపితే లక్షా 44 వేల కిలోమీటర్లు. కాంతి వేగంతో పోయినా అర సెకను పడుతుంది. అర సెకనే కదా అనిపిస్తుంది గానీ, ఒక్క పేజీ పూర్తిగా తెరుచుకోవాలంటే అలాంటి రాకపోకలు పదుల సార్లు జరగాలి. పైగా ఉన్న కాస్త సామర్థ్యాన్ని దీవులన్నీ పంచుకోవాలి. ఉద్యోగాల దరఖాస్తులకు చివరి తేదీ వస్తే, ఆ వేళకు లైను కాస్త ఖాళీగా ఉంటుందని పిల్లలు రాత్రి రెండింటికి లేచి కూర్చునేవాళ్లు.

ఆ రోజుల్లో మా అసలైన నెట్‌వర్క్ ఓడ. విశాఖ నుంచో చెన్నై నుంచో వచ్చేవాళ్లలో ఎవరో ఒకరి సంచిలో హార్డ్ డిస్క్ ఉండేది. అందులో పోటీ పరీక్షల వీడియో పాఠాలు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, ఊళ్లో పెళ్లి ఫొటోలు. దీన్ని తక్కువగా చూడకూడదు. ఒక టెరాబైట్ డిస్కు అరవై గంటలు ఓడలో ప్రయాణం చేసి ఇక్కడ దిగిందనుకుందాం. లెక్క వేస్తే సెకనుకు 37 మెగాబిట్ల లైను పగలూ రాత్రీ ఆగకుండా నడిచినంత సరుకు అది. అప్పట్లో మా ఇళ్లలో ఎవరికీ అలాంటి లైను లేదు. క్యూబాలోనూ జనం ఇదే దారి పట్టారు. వారం వారం కొత్త సరుకుతో నింపిన ఒక టెరాబైట్ డిస్కు దేశమంతా చేతులు మారేది. దాని పేరు ఎల్ పకేతె.

నా సర్వర్ పుట్టింది ఆ హార్డ్ డిస్క్ నుంచే. వచ్చిన డిస్కును ఒకరి తర్వాత ఒకరు పట్టుకెళ్తే నెల పట్టేది, మధ్యలో కింద పడేది. తెర పగిలిన పాత ల్యాప్‌టాప్ ఒకటి ఇంట్లో ఉంటే దానిలో డెబియన్ లినక్స్ ఎక్కించి, డిస్కు తగిలించి, వైఫై పెట్టాను. చుట్టుపక్కల పిల్లలు మా అరుగు మీద కూర్చుని కావలసింది తీసుకునేవాళ్లు. ఇంట్లో వైఫైకి ఉపగ్రహంతో పని లేదు, అందుకే క్షణాల్లో కాపీ అయిపోయేది. బయట నెట్ ఎలా ఉన్నా ఇంటి లోపలి నెట్‌వర్క్ బాగుండొచ్చని ఆ పిల్లలకు ప్రత్యేకంగా చెప్పాల్సిన పని లేకపోయింది.

తర్వాత సముద్రం అడుగున కేబుల్ వచ్చింది. 2018 డిసెంబరు 30న శంకుస్థాపన, 2020 ఆగస్టు 10న ప్రారంభం. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, ఇక్కడి నుంచి స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్‌లకు. మొత్తం సుమారు 2,300 కిలోమీటర్లు, 1,224 కోట్ల రూపాయలు. పని చేయించింది బీఎస్ఎన్ఎల్. చెన్నై మాకు సూటిగా కొలిస్తే 1,370 కిలోమీటర్లు. గాజు తీగలో వెలుగు సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, అర సెకను పట్టే రాకపోక సెకనులో వందో వంతుకు కాస్త పైన పడింది. వీడియో కాల్‌లో అమ్మ మాటా పెదవుల కదలికా ఒకేసారి అందిన రోజున ఆ తేడా ఏమిటో ఇంటిల్లిపాదికీ అర్థమైంది. ఆ పని చేసినవాళ్లకు మేము రుణపడి ఉన్నాం.

ఇక సర్వర్ తీసేయొచ్చుగా అన్నారు మిత్రులు. నేను అప్పుడే దాన్ని పెద్దది చేశాను.

మెయిన్‌లాండ్‌కు మా ప్రధానమైన దారి ఆ ఒక్క కేబులే. ఇది భూకంపాల ప్రాంతం. 2022 జనవరి 15న పసిఫిక్‌లో టోంగా దగ్గర సముద్రంలో అగ్నిపర్వతం పేలినప్పుడు, బయటి ప్రపంచంతో ఆ దేశాన్ని కలిపే ఒకే ఒక్క కేబుల్ తెగింది. బాగుచేయడానికి ఐదు వారాలు పట్టింది. ఆ వార్తలు చదువుతుంటే నాకు మా నీళ్ల ట్యాంకు గుర్తొచ్చింది. పోర్ట్ బ్లెయిర్‌కు నీళ్లు ధనికారి డ్యామ్ నుంచి వస్తాయి. ఎండాకాలంలో రోజు విడిచి రోజు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా వదులుతారు. అందుకని ట్యాంకు లేని ఇల్లు ఇక్కడ ఉండదు. కుళాయి మీద నమ్మకం లేక పెట్టుకున్న ట్యాంకు కాదది, కుళాయి రాని రోజు కోసం పెట్టుకున్నది. సర్వర్ కూడా అంతే.

పెద్ద లైన్లు పోయినప్పుడు చిన్న సొంత పరికరాలు ఏం చేయగలవో ఈ దీవులు ఒకసారి చూశాయి. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం పోర్ట్ బ్లెయిర్ వచ్చింది. అండమాన్ నుంచి ప్రపంచంలోని హామ్ రేడియో మిత్రులతో మాట్లాడాలన్నది వాళ్ల కార్యక్రమం. 26వ తేదీ ఉదయం భూమి కంపించింది, సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోయాయి. వాళ్లు సరదా సంభాషణలు పక్కన పెట్టి అత్యవసర సందేశాలు అందుకున్నారు, క్షేమ సమాచారాలు మెయిన్‌లాండ్‌కు చేరవేశారు. ఆ సాయం కార్ నికోబార్‌కూ అందింది. అక్కడ పనికొచ్చింది ఒక ట్రాన్స్‌మిటర్, బ్యాటరీ, చేతనైన మనిషి. నాకు ఈ విషయం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మనింట్లో పరికరాన్ని మనం నడపడం నేర్చుకుంటే అది అవసరంలో పక్కవాడికి అక్కరకొస్తుంది.

ఇక పని సంగతి. సర్వర్ అనగానే చల్లటి గది, అలమరా నిండా యంత్రాలు ఊహించుకుంటారు. మా ఇంట్లో ఉన్నవి పాత ల్యాప్‌టాప్ ఒకటి, రెండు డిస్కులు, ఒక రౌటర్, ఎనిమిది పోర్టుల స్విచ్. ఇవన్నీ పట్టే చెక్క స్టాండు ఇక్కడి పడౌక్ చెక్కతో చేయించాను. ల్యాప్‌టాపే ఎందుకంటే దాని బ్యాటరీయే దానికి యూపీఎస్. మా కరెంటు మెయిన్‌లాండ్ గ్రిడ్‌తో కలిసింది కాదు, ఎక్కువ భాగం డీజిల్ కాల్చి ఇక్కడే తయారు చేసుకునేది. కోతలు మామూలే. మొత్తం సరంజామా 15 వాట్లు తింటుందనుకుంటే రోజుకు యూనిట్‌లో మూడో వంతుకు కాస్త ఎక్కువ, నెలకు పదకొండు యూనిట్లు. రౌటర్‌కు విడిగా పన్నెండు వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టాలి. సర్వర్ బతికి ఉండి రౌటర్ పోతే లాభం లేదు. కరెంటు మరీ ఎక్కువసేపు రాకపోతే డిస్కులు పాడవకుండా సర్వర్ తనంతట తానే సక్రమంగా ఆగిపోయేలా ఒక ప్రోగ్రాం కనిపెట్టుకుని ఉంటుంది.

ఇక్కడ కరెంటుకన్నా పెద్ద శత్రువు గాలి. ఏడాదికి సుమారు మూడు మీటర్ల వాన కురిసే చోటు, చుట్టూ ఉప్పు నీరు. నెట్‌వర్క్ కేబుల్ చివర ఉండే ప్లగ్గును వెలుగులో పెట్టి చూడండి. ఎనిమిది చిన్న బంగారు రంగు రేకులు కనిపిస్తాయి. ఒకటి రెండు వానాకాలాలు గడిచాక చవక రకం ప్లగ్గుల్లో ఆ రేకుల అంచున ఆకుపచ్చ కిలుము పడుతుంది. నెట్ పూర్తిగా పోదు, అందుకే పట్టుకోవడం కష్టం. వెయ్యి మెగాబిట్ల లైను చెప్పకుండా వందకు పడిపోతుంది. ఎనిమిది తీగల్లో నాలుగు బాగున్నా వంద నడుస్తుంది, వెయ్యికి ఎనిమిదీ కావాలి. స్విచ్ మీద దీపం రంగు మారిందంటే నేను ముందు ప్లగ్గు తీసి చూస్తాను. రేకులకు మంచి బంగారు పూత ఉన్న రకం కొనండి, నాలుగు రూపాయలు ఎక్కువైనా. సర్వర్‌ను బీరువాలో పెట్టి తలుపు వేయకండి. ఆగకుండా నడిచే యంత్రం తన వేడితో తానే తేమను తరుముతుంది. నెలల తరబడి ఆపి దాచిన యంత్రానికే ఎక్కువ ప్రమాదం. పక్కింటికి లైను లాగాలంటే రాగి తీగ వద్దు, ఫైబర్ వేయండి. పిడుగు పడితే రాగి దాన్ని రెండిళ్లకూ మోస్తుంది.

బయటి నుంచి ఇంటి సర్వర్‌ను చేరడం దగ్గర చాలామంది ఆగిపోతారు. ఐపీవీ4 చిరునామాలు సరిపోక చాలా కంపెనీలు వందల ఇళ్లను ఒకే బయటి చిరునామా వెనక ఉంచుతున్నాయి. దీన్ని సీజీ-నాట్ అంటారు. మీ రౌటర్‌కు వచ్చిన చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరూ అందులో ఉన్నట్టే. అప్పుడు బయటివాళ్లు నేరుగా లోపలికి రాలేరు. దారి తిరగేయాలి. మెయిన్‌లాండ్‌లో నెలకు కొద్ది రూపాయలకు ఒక చిన్న సర్వర్ అద్దెకు తీసుకుని, ఇంటి సర్వరే వెళ్లి దాని తలుపు తట్టి, వైర్‌గార్డ్ అనే సొరంగం తెరిచి ఉంచేలా చేయాలి. వైర్‌గార్డ్ 2020 మార్చిలో లినక్స్‌లో భాగమైంది, అదే ఏడు మాకు కేబుల్ వచ్చింది. సోంపేటలో అమ్మ ఫోన్‌లో బొమ్మ నొక్కితే మనవరాలి ఫొటోలు మా ఇంటి డిస్కు నుంచే వెళ్తాయి. మధ్యలో ఏ కంపెనీ అద్దె లేదు అని చెప్పను, ఆ చిన్న సర్వర్‌కు కట్టాలి. కానీ ఫొటోలు దాని మీద ఉండవు, దాని గుండా పోతాయి, అంతే.

డిస్కులో ఇంకా ఏమున్నాయంటే, కివిక్స్ అనే ప్రోగ్రాం ద్వారా తెలుగు వికీపీడియా మొత్తం. 2003 డిసెంబరులో మొదలై లక్ష వ్యాసాలు దాటిన ఆ పని, ఇంటర్నెట్ పూర్తిగా పోయినా మా వీధి పిల్లలకు తెరుచుకుంటుంది. పదో తరగతి చదివే పక్కింటి అమ్మాయి ఒక వానాకాలం లైను పోయిన రోజున ప్రాజెక్టు మొత్తం దానితో రాసింది. తెలుగు వికీసోర్స్ పుస్తకాలు ఉన్నాయి. పొలం పాస్‌బుక్కుల నకళ్లు, సర్టిఫికెట్లు, ఆస్పత్రి కాగితాలు ఉన్నాయి. మనలాంటివాళ్లకు సగం జీవితం ఒక ఒడ్డున, సగం ఇంకో ఒడ్డున ఉంటుంది. ఇక్కడ ఏదో దరఖాస్తుకు అక్కడి కాగితం కావాలి, అది ఊళ్లో ట్రంకుపెట్టెలో ఉంటుంది. వాటినన్నిటినీ స్కాన్ చేసి ఒకచోట పెట్టడం ఒక్కటే చేసినా ఈ శ్రమ దక్కినట్టే.

అన్నీ ఒకే ఇంట్లో ఉంటే అదీ ప్రమాదమే. మూడు ప్రతులు, రెండు రకాల పరికరాలు, ఒకటి వేరే ఊళ్లో అనే సూత్రాన్ని పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చాడు. మా మూడో ప్రతి తాళం వేసిన రూపంలో విశాఖలో తమ్ముడి ఇంట్లో ఉంది. రోజూ మారే కొద్దిపాటి సరుకు రాత్రిపూట కేబుల్ మీద వెళ్తుంది. పెద్ద మార్పులున్నప్పుడు ఇప్పటికీ డిస్కు చేతిలో పట్టుకుని వెళ్లడమే నాకు ఇష్టం.

ఈమధ్య ఒక పెద్దాయన వచ్చాడు. ఒకప్పుడు సామిల్లులో దుంగలు మోసిన మనిషి. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో క్యాసెట్టు. "మా అమ్మ పాటలు బాబూ. నాట్లప్పుడు పాడేది. పాడైపోనాదేటో ఓసారి సూడు" అన్నాడు. టేపు అంచున బూజు తెల్లగా పాకింది. చుట్ట విప్పి, మెత్తటి గుడ్డతో తుడిచి, పాత టేప్ రికార్డర్ నుంచి సర్వర్‌లోకి ఎక్కిస్తే రెండు పాటలు పూర్తిగా, మూడోది సగం వచ్చాయి. ఆయన వాటిని ఫోన్‌లో వేసుకుని వెళ్లాడు. మర్నాడు ఇంకో ఇద్దర్ని తీసుకొచ్చాడు.

ఇక్కడికి మొదట వచ్చిన తెలుగువాళ్ల గొంతులు అలాంటి క్యాసెట్లలో ఎన్ని ఇళ్లలో ఉన్నాయో. ఈ తేమలో టేపు ఎక్కువ కాలం నిలవదు. హడ్డో, చాతం, బాంబూ ఫ్లాట్, ఎక్కడున్నా సరే, మీ ఇంట్లో ఉంటే వచ్చే వానలు మొదలుకాక ముందే తెచ్చివ్వండి. టేప్ రికార్డర్‌కు కొత్త బెల్టు చెన్నై నుంచి తెప్పించి వేశాను. డిస్కులో చోటు ఉంది. ఒరిజినల్ మీకే తిరిగిస్తాను, ఒక ప్రతి విశాఖలో కూడా ఉంటుంది.