నక్క అరిస్తే అత్త లెక్కపెడుతుంది

రాజమండ్రిలో బస్సెక్కి రామచంద్రపురం, ద్రాక్షారామం, యానాం దాటి తాళ్లరేవు వైపు వస్తే దారంతా రంగులు మారుతూనే ఉంటాయి. కడియం పూలమొక్కలు, వరిచేలు, కొబ్బరితోటలు, ఆ తర్వాత రొయ్యల చెరువులు. వాటి వెనకాల దూరంగా ఒక పచ్చటి గీత. అదే కోరింగ మడ అడవి. 1978 నుంచీ అభయారణ్యం. వచ్చినవాళ్లు చెక్కబాట మీద సెల్ఫీలు దిగి, బోటెక్కి, సాయంత్రానికి వెళ్లిపోతారు. మా మేనత్త ఊరు ఆ గీతకి ఇవతల. అక్కడ అడవి గురించి అడిగితే చెట్ల సంగతి ఎవరూ చెప్పరు, కోళ్ల సంగతి చెప్తారు.

"రాత్రి డేగని ఎత్తుకుపోయిందిరా." నేనింకా చెప్పులు విప్పలేదు, అత్త మొదలెట్టేసింది.

డేగ అంటే ఎర్రటి ఈకల పుంజు. మా వైపు పుంజుల్ని రంగుని బట్టి కాకి, నెమలి, సేతువ, డేగ అని పిలుస్తారు. సంక్రాంతికి వేలల్లో అడిగినా అత్త దాన్ని ఇవ్వలేదు, జాతి నిలవాలని ఉంచుకుంది. ఇప్పుడు దాని తాలూకు గుడ్లు తొమ్మిది, గూటి మూల నల్లపెట్ట కింద ఉన్నాయి. పొదగడం 21 రోజుల పని. ఇంకా నాలుగు రోజులుంది. పెట్టని కదిపితే గుడ్లు వదిలేస్తుందేమోనని అత్త భయం.

"ఏది ఎత్తుకుపోయింది?"

"ఇంకేముంటది, నక్కే."

ఈ ఊళ్లో ఏ కోడి పోయినా నక్క ఖాతాలోనే రాస్తారు. ఎవడికైనా అదృష్టం పడితే నక్క తోక తొక్కాడంటాం, ఆ నక్కే పెరట్లోకి వస్తే కర్ర తీస్తాం.

పక్కింటి బాబాయ్ అప్పటికే రెండు సలహాలు ఇచ్చేశాడు. కోడిపేగుల్లో గుళికలు కలిపి కాలవగట్టు మీద పెట్టమని ఒకటి. గూటి చుట్టూ తీగ లాగి కరెంటు వదలమని రెండోది. నాకు చెమటలు పట్టాయి. ఆ గట్టు మీదే పొద్దున్నే పిల్లలు పాలకి వెళ్తారు. విషం పెడితే ముందు పోయేవి ఊరకుక్కలు, కాకులు. తీగ పెడితే చీకట్లో ఎవరి కాలు తగులుతుందో ఎవరికి తెలుసు? పైగా నక్కని చంపడం 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. అదే చెప్పాను. "ఆయ్, చట్టం కోళ్లు కాస్తదా అండీ?" అన్నాడు బాబాయ్. దానికి నా దగ్గర జవాబు లేదు.

రాత్రి వాన పడింది కాబట్టి గూటి వెనక నల్లమట్టి మెత్తగా ఉంది. ఫోన్ టార్చ్ వేసి వంగి చూశాను. అడుగులు స్పష్టంగా ఉన్నాయి. నక్క అడుగు కుక్క అడుగులా కాస్త పొడుగ్గా ఉంటుంది, ముందు గోళ్ల గుర్తులు పడతాయి. ఇవి గుండ్రంగా ఉన్నాయి, గోళ్లు లేవు. పిల్లి జాతి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది. ఇంటిపిల్లి అడుగుకంటే ఇవి చాలా పెద్దవి. ఈకలు కాలవ దాకా రాలి, నీళ్ల దగ్గర ఆగిపోయాయి.

"నీటిపిల్లి అయ్యుంటది అత్తా."

కోరింగలో ఇవి ఉన్నాయి. ఇంటిపిల్లికి రెట్టింపు ఉంటాయి, నీళ్లలోకి దూకి చేపలు పడతాయి. ప్రపంచంలోనే ముప్పున్న జాతుల్లో ఒకటి. అత్తకి ఈ ఘనత ఏమీ పట్టలేదు. "అయితే ఇయ్యాల రాత్రి మళ్లీ వస్తదా?" అని ఒక్కటే అడిగింది.

వస్తుంది. దొరికిన చోటికి ఏ జంతువైనా తిరిగొస్తుంది.

గూడు చూస్తే సంగతి అర్థమైంది. తలుపు చెక్కకి గడియ లేదు, తాడుతో కట్టారు. కిటికీకి పల్చటి కోళ్ల వల, అదీ తుప్పు పట్టింది. ఆ వల కోళ్లు బయటికి పోకుండా ఆపుతుంది, పంజా వేసేవాణ్ణి ఆపదు. మామయ్యా నేనూ తాళ్లరేవు వెళ్లి గట్టి వెల్డెడ్ మెష్, రెండు గడియలు తెచ్చాం. ముంగిస దూరే సందులు రాళ్లతో పూడ్చాం. నక్క అయితే తవ్వుతుంది కాబట్టి గోడ మొదట్లో అడుగు వెడల్పున మెష్‌ని బయటికి పరిచి, మట్టి కప్పి, ఇటుకలు పెట్టాం. వెనక తుప్పలు మామయ్యే కొట్టేశాడు. నల్లపెట్ట మాత్రం ఈ గోలంతా వింటూ గుడ్ల మీంచి కదలలేదు. నిజం చెప్పాలంటే ఆ రోజు ఊళ్లో అందరికంటే ధైర్యం దానికే.

పని మధ్యలో మామయ్య చిత్రమైన మాట అన్నాడు. "చేలో ఎలకలు పట్టడానికి బుట్టలవాళ్లకి డబ్బులిస్తాం. నక్క అదే పని ఊరికే చేసి పెడతది." నిజమే, నక్క తిండిలో ఎలకలు, పీతలే ఎక్కువ. అది దాక్కునే తుప్పలు చెరువులైపోతుంటే ఇళ్ల వైపే కదా రావాలి. బాబాయ్ వినీ విననట్టు బీడీ వెలిగించుకున్నాడు.

సందె పడకముందే అత్త గూటి లోపల నూకలు జల్లింది. కోళ్లు ఒక్కొక్కటీ లోపలికి దూరాయి. ఒక పెట్ట మునగచెట్టెక్కి కూర్చుంటే మామయ్య దాన్ని కర్రతో దింపడానికి పావుగంట పట్టింది. గడియ పడింది.

చీకటి పడ్డాక కాలవ అవతల నక్కలు ఊళ పెట్టాయి. అత్త అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, లేచి వెళ్లి, గడియ లాగి చూసింది. మెష్‌లోంచి టార్చ్ వేసి లెక్కపెట్టింది. పదకొండు. మళ్లీ లెక్కపెట్టింది.