చెరువు దద్దుర్లు

నిరుటి వేసవిలో మా మనుమలు పొరుగింటి చిన్నవానితో చెరువులో ఈదివచ్చిరి. ఆ రాత్రియే వాని కాళ్లనిండ ఎఱ్ఱని దద్దుర్లు, ఒకటే దురద. మరునాడు మావాండ్రకును కొద్దిగా లేచెను. వానినుండియే అంటెనని తలంచి నేను వానిని మా అరుగు ఎక్కనియ్యలేదు. వాని తల్లి ఒక్క మాటయు అనలేదు.

డాక్టరమ్మ చెప్పగా తెలిసినది. పశువుల పేడతో నీటబడిన గ్రుడ్లనుండి పుట్టినవి నత్తలలో పెరిగి, కంటికానని పురుగులై వెలువడునట. పశువని భ్రమసి మన చర్మములో దూరి అక్కడనే చచ్చును. అమెరికాలోని మిషిగన్‌లో ఒక సరస్సునొద్ద, బాతుల పురుగుల విషయమై, కార్ట్ అను శాస్త్రజ్ఞుడు 1928లోనే దీనిని కనిపెట్టెను. ఇది ఒకరినుండి ఒకరికి అంటదు. గోకి పుండు చేసికొననియెడల వారము పదిదినములలో తగ్గును. మరల మరల తగిలినకొలది దురద హెచ్చును. వాడు ప్రతిదినము ఈదువాడు గదా!

సిగ్గుపడి పిలువబోతిని. వాడు అరుగు క్రిందనే నిలిచి, “ఇంకా మానలేదు అమ్మమ్మా” అని కాళ్లు చూపెను.