కడుపులోని ద్వారం

పొద్దున తిన్న అన్నం రాత్రి వరకు కడుపులోనే ఉంటుందా? ఉండకూడదు. మామూలుగా నాలుగైదు గంటల్లో కడుపు దానిని మెత్తగా నలిపి, కొంచెం కొంచెంగా చిన్న ప్రేగులోనికి పంపుతుంది. ఆ రెంటి నడుమనున్న ఇరుకైన ద్వారాన్ని డాక్టర్లు పైలోరస్ అంటారు. గ్రీకులో ఆ మాటకు ద్వారపాలకుడని అర్థం.

ఆ ద్వారం పూడిపోతే ఏమవుతుందో మా మేనమామ విషయంలో చూశాము. మధ్యాహ్నం తిన్న పప్పన్నం అర్ధరాత్రి మెతుకు మెతుకుగా వాంతయ్యేది. అందులో పసరు ఉండేది కాదు. పసరు వచ్చి కలిసేది ద్వారానికి అవతల, ప్రేగులో గదా! ప్రక్కకు ఒత్తిగిలితే కడుపులో సగం నిండిన కుండను కుదిపినట్టు నీళ్ల చప్పుడు. వాంతి కాగానే హాయిగా ఉందనేవారు, ఆకలి అనేవారు. చొక్కాలు వదులవుతున్నా అందరమూ పైత్యమనే అనుకున్నాము.

ఆయన ఉపవాస ప్రార్థనలో కూర్చున్నారు. మూడు దినములు వాంతి లేదు. ఆదివారం గుడిలో సాక్ష్యం చెప్పారు. సోమవారం భోజనం చేశారు, రాత్రికి మళ్లీ అదే. తిననప్పుడు వాంతికి ఏముంటుంది? తెల్లవారకముందే అత్తయ్య, "ప్రార్థన బస్సులో చేసుకుందాం, లేవండి" అని బయలుదేరదీసింది.

ఆసుపత్రిలో ముక్కు గుండా గొట్టం వేసి కడుపు ఖాళీ చేశారు. వాంతులలో పోయిన నీరు, లవణాలు సెలైనుతో ఎక్కించారు. ఎండోస్కోపీ చేసి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఈ అడ్డు క్యాన్సరు వల్ల కూడా వస్తుంది. ఫలితం వచ్చేవరకు అత్తయ్య సరిగా ముద్ద మింగలేదు.

క్యాన్సరు కాదు. పాత అల్సరు మాని, ఆ మచ్చ బిగుసుకొని దారి పూడింది. మోకాళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి మందుల షాపులో అడిగి మింగిన మాత్రలు అల్సరుకు కారణం కావచ్చన్నారు. హెలికోబాక్టర్ అనే సూక్ష్మజీవి మరొక కారణం. దాని సంగతి బయటపెట్టిన ఆస్ట్రేలియా డాక్టర్లు వారెన్, మార్షల్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. అది ఉంటే మందులతోనే పోగొట్టవచ్చు. కొందరికి బెలూనుతో ద్వారాన్ని వెడల్పు చేస్తారు. మామయ్యకు మాత్రం ఆపరేషను చేసి, కడుపును ప్రేగుకు కలిపి ప్రక్కదారి వేశారు. తిమోతి కడుపు జబ్బుకు పౌలు ఆ కాలపు మందు చెప్పిన వచనాన్ని (1 తిమోతి 5:23) ఆయన ఇప్పుడు తరచుగా చదివిస్తుంటారు.

తల్లులకు ఒక మాట. మూడు నుండి ఆరు వారాల పసిబిడ్డ పాలు త్రాగిన ప్రతిసారీ దూరంగా చిమ్మినట్టు కక్కి, వెంటనే మళ్లీ పాలకు ఏడుస్తుంటే, దిష్టి అనుకోకండి. అదే ద్వారపు కండరం మందమై ఉండవచ్చు. ఆ రోజే ఆసుపత్రిలో చూపించండి. ఆపరేషనుతో అది పూర్తిగా నయమవుతుంది.