జాకింథోస్: తాబేళ్ల ఇసుక మీద వేసవి సెలవులు

గ్రీసు ప్రధాన భూభాగానికి పడమట, పెలొపొనీస్ తీరానికి ఎదురుగా అయోనియన్ సముద్రంలో ఉన్న దీవి జాకింథోస్. విస్తీర్ణం సుమారు 400 చదరపు కిలోమీటర్లు, జనాభా 40 వేల దరిదాపు. 1484 నుంచి 1797 దాకా వెనీస్ ఏలుబడిలో ఉంది. ఆనాటి ‘జాంటే’ అనే పేరు విదేశీ పర్యాటకుల నోట ఇప్పటికీ వినబడుతుంది. గ్రీసు జాతీయగీతానికి మూలమైన ‘స్వేచ్ఛా స్తుతి’ని 1823లో రాసిన కవి డియొనీసియోస్ సొలొమోస్ పుట్టింది ఇక్కడే, విమానాశ్రయానికీ ఆయన పేరే పెట్టారు. 1953 ఆగస్టు భూకంపాల్లో వెనీస్ నాటి పట్నం దాదాపు మొత్తం నేలమట్టమైంది. రేవు వెంబడి ఇప్పుడు కనిపించే స్తంభాల వరండాలు, చర్చి గంటల గోపురాలు ఆ తర్వాత పాత పోలికతో మళ్లీ కట్టుకున్నవే.

దీవి పడమటి వైపంతా సముద్రంలోకి నిలువునా దిగే సున్నపురాయి కొండచరియలు. మధ్యలోనూ తూర్పునా ఆలివ్ తోటలు, నల్ల ఎండుద్రాక్షకు పేరుపడిన ద్రాక్ష తోటలు ఉన్న మైదానం. దక్షిణాన గెరాకస్, మరథియా అనే రెండు భూశిరాల మధ్య విల్లులా వంగిన లగనాస్ అఖాతం ఉంది. దాని పడమటి కొసన కేరి దగ్గర భూమిలోంచి తారు ఊరే గుంటల గురించి క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దంలోనే హెరొడోటస్ రాశాడు. ఈనాడు ఆ అఖాతానికి ఉన్న పేరు మాత్రం తారు వల్ల వచ్చింది కాదు, తాబేళ్ల వల్ల వచ్చింది.

మధ్యధరా సముద్రంలో లాగర్‌హెడ్ తాబేళ్లు గుడ్లు పెట్టే ముఖ్యమైన చోట్లలో ఇదొకటి. స్థానికులు ఈ తాబేలును శాస్త్రీయ నామంతోనే ‘కరెట్టా కరెట్టా’ అంటారు. హోటళ్ల పేర్లలో, దుకాణాల బొమ్మల్లో, పడవల మీద ఆ పేరే. అఖాతం చుట్టూ ఉన్న ఆరు ఇసుక తీరాలు – గెరాకస్, డఫ్నీ, సెకానియా, కలమాకి, తూర్పు లగనాస్, మరథోనిసి అనే చిన్న లంక – అన్నీ కలిపినా ఐదున్నర కిలోమీటర్లకు మించవు. చిక్కంతా ఇక్కడే ఉంది. తాబేలుకు కావలసింది మెత్తటి ఇసుక, లోతు తక్కువగా ఉండే గోరువెచ్చని నీళ్లు, జూన్ నుంచి ఆగస్టు దాకా ఎండ. విమానమెక్కి వచ్చే పర్యాటకుడికి కావలసిందీ సరిగ్గా అదే, అదే నెలల్లో. దీవిలో వన్యప్రాణుల పేరుతో ఉన్న నిబంధనలన్నీ ఈ ఇద్దరి మధ్య చేసిన పంపకమే: పగలు మనిషికి, రాత్రి తాబేలుకు, నీటి అంచు మనిషికి, దాని వెనుక ఇసుక తాబేలుకు.

ఈ పంపకం సులువుగా కుదరలేదు. ఇక్కడ తాబేళ్లు పెద్ద సంఖ్యలో గుడ్లు పెడుతున్నాయని 1977లో డిమిట్రిస్ మార్గరిటూలిస్, ఆయన భార్య అన్నా గుర్తించారు. అప్పటికే చార్టర్ విమానాలు దిగడం, తీరం వెంట భూముల ధరలు పెరగడం మొదలయ్యాయి. 1983లో ఏర్పడిన ఆర్కెలాన్ అనే సముద్ర తాబేళ్ల సంరక్షణ సంఘం అప్పటినుంచి ఏటా గూళ్లను లెక్కిస్తూ వస్తోంది. 1994లో ప్రపంచ వన్యప్రాణి నిధి గ్రీసు శాఖ సెకానియా తీరం వెనుక ఉన్న భూమిని కొనేసింది. కట్టడాలు రాకుండా ఆపడానికి అంతకంటే నమ్మకమైన దారి అప్పట్లో లేదు. 1999 చివర్లో జాకింథోస్ జాతీయ సముద్ర ఉద్యానం ఏర్పడింది. అయినా డఫ్నీలో అక్రమ కట్టడాలు, తీరాల్లో మోటారు సైకిళ్లు, పెడల్ పడవల సంగతి తేలక, తాబేళ్లను కాపాడడంలో గ్రీసు విఫలమైందని 2002 జనవరిలో యూరోపియన్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. తమ తాతల నాటి భూమిలో ఇల్లు కట్టుకోకూడదంటే డఫ్నీ వాళ్లకు కోపం రావడంలో వింత లేదు. నష్టపరిహారం సంగతి తేల్చకుండా నిషేధాలు మాత్రం రాసిన ప్రభుత్వానిదే అందులో ఎక్కువ పాపం.

ఆడ తాబేలు డొప్ప పొడవు 80 సెంటీమీటర్లకు అటూ ఇటుగా ఉంటుంది. రాత్రి పూట ఒడ్డుకెక్కి, వెనుక కాళ్లతో అర మీటరు లోతున గొయ్యి తవ్వి, వంద పైచిలుకు గుడ్లు పెట్టి, పూడ్చి, మళ్లీ సముద్రంలోకి పోతుంది. ఒక వేసవిలో సుమారు రెండు వారాల ఎడంతో రెండు మూడు సార్లు ఇలా వస్తుంది. తర్వాత రెండు మూడేళ్లు రాదు. వచ్చిన ప్రతిసారీ గుడ్లు పెడుతుందనీ లేదు. వెలుతురు, అలికిడి, ఇసుకలో అడ్డొచ్చిన కుర్చీ, ఏదైనా చాలు, గుడ్లు పెట్టకుండానే వెనక్కి మళ్లుతుంది. గుడ్లు పొదగడానికి దాదాపు 55 రోజులు పడుతుంది. పిల్ల మగదో ఆడదో నిర్ణయించేది ఇసుక వేడి: సుమారు 29 డిగ్రీలకు పైన ఆడపిల్లలు, కింద మగపిల్లలు ఎక్కువ. లేతరంగు ఇసుకతో కాస్త చల్లగా ఉండే మరథోనిసి అందుకే విలువైనది. ఈ అఖాతానికి మగ తాబేళ్లను ఇచ్చేది ప్రధానంగా ఆ లంకే. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన తీరానికి చలికాలంలో వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లదీ ఇదే జీవితం. కాకపోతే అక్కడ వాటి ప్రాణం తీసేది ముఖ్యంగా ట్రాలర్ వల. ఇక్కడ వలతో పాటు విహారం కూడా.

గుడ్లు పెట్టే తీరాలన్నీ సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా మూసి ఉంటాయి. ఫ్లాష్ లేకుండా ఒక్క ఫోటో, దూరం నుంచి ఒక్క చూపు అంటూ బేరానికి తావు లేదు. వేరే దేశాల్లో మార్గదర్శకుల వెంట రాత్రి పూట తాబేలును చూపించే యాత్రలు ఉన్నాయి గాని, ఇక్కడ లేవు. ఇంత ఇరుకు తీరంలో, వేసవిలో ఇంత జనంతో అలాంటి యాత్ర మొదలైతే దాన్ని అదుపులో పెట్టడం ఎవరి తరమూ కాదు కాబట్టి ఈ నిషేధం సబబే. చూడాలనుకునేవాళ్లకు ఉదయం ఉంది. తెల్లవారగానే కలమాకికో గెరాకస్‌కో వెళితే, ట్రాక్టరు చక్రం నడిచినట్టు సముద్రం నుంచి ఇసుక మీదికీ, మళ్లీ సముద్రంలోకీ సాగిన జాడలు కనిపిస్తాయి. ఆర్కెలాన్ స్వచ్ఛంద సేవకులు అంతకుముందే వచ్చి ఆ జాడలు చదివి, గుడ్లు ఉన్నదెక్కడో, ఉత్తుత్తి రాక ఎక్కడో తేల్చి, గూడు చుట్టూ చట్రం నిలబెట్టి పోతారు. వాళ్లను అడిగితే ఓపిగ్గా చెబుతారు. తాబేలును చూడకుండానే దాని రాత్రంతా తెలుసుకోగల చోటు ఇది.

ఆరు తీరాలకూ ఒకే కట్టడి లేదు. సెకానియాకు పర్యాటకులెవరికీ ప్రవేశం లేదు. ఆరు వందల పైచిలుకు మీటర్ల ఆ ఇసుకలోనే దీవి గూళ్లలో సగానికి దగ్గరగా ఉంటాయి. గెరాకస్‌లో ఒకేసారి ఉండగల జనానికి పరిమితి ఉంది; తువ్వాలు పరచినా గొడుగు పాతినా నీటి అంచున ఉన్న సన్నటి పట్టీలోనే. వెనుక ఇసుకలో గొడుగు కర్ర గుచ్చితే అది నేరుగా గుడ్లలోకి దిగవచ్చు; గొడుగు నీడ రోజంతా పడితే గూటి వేడి తగ్గుతుంది. ఆ తీరం చివర బంకమన్ను గుట్టలున్నాయి. చర్మానికి మంచిదని ఆ మట్టిని గీకి ఒంటికి పూసుకోవడం పర్యాటకులకు ఒక వేడుకైపోయింది. గుట్టలు కరిగిపోతున్నాయని అధికారులు వద్దంటున్నా మట్టిబొమ్మల్లా ఫోటోలు దిగేవాళ్లకు కొదవ లేదు. పిల్లలు కట్టిన ఇసుక కోటలు, తవ్విన గుంతలు సాయంత్రం పూడ్చి రావాలి. అరచేతిలో సగం కూడా ఉండని పిల్ల తాబేలు ఆ గుంతలో పడితే తెల్లారేసరికి సముద్రపు గల్ పక్షుల పాలు.

వెలుతురు ఇంకో గొడవ. జూలై చివరి నుంచి అక్టోబరు దాకా పిల్లలు రాత్రి పూట ఇసుకలోంచి బయటికొచ్చి, ఎటు వెలుగుంటే అటు పరుగెత్తుతాయి. మనుషులు రాకముందు ఆ వెలుగు నక్షత్రాల కింద మెరిసే సముద్రమే. ఇప్పుడు లగనాస్ బార్ల వీధి దానికంటే వెలుగుతోంది. తీరానికి ఎదురుగా గది తీసుకున్నవాళ్లు బాల్కనీ దీపం ఆర్పి తెర వేసుకుంటే చాలు. దీవి మీద పర్యాటకుడు చేయగల ఉపకారాల్లో ఇంత తేలికైనది మరొకటి లేదు. కలమాకి వెనుకనే ఉన్న విమానాశ్రయంలో రాత్రి విమానాలపై ఆంక్షలున్నదీ ఈ కారణంగానే.

నీళ్లలోకి వస్తే అఖాతాన్ని మే నుంచి అక్టోబరు దాకా మూడు మండలాలుగా విడదీశారు. గెరాకస్, సెకానియా ముందున్న మొదటి మండలంలోకి పడవలకు ప్రవేశం లేదు. రెండో దాంట్లో గంటకు 6 నాటికల్ మైళ్ల వేగం మించకూడదు, లంగరు వేయకూడదు. మూడో దాంట్లో అదే వేగంతో వెళ్లి లంగరు వేసుకోవచ్చు. వేగానికి ఇంత పట్టింపు ఎందుకంటే తాబేలు ఊపిరికి పైకి రాక తప్పదు. మోటారు ప్రొపెల్లర్ డొప్పను చీల్చేది ఆ క్షణంలోనే. లంగరు నిషేధం వెనుక పొసిడోనియా అనే సముద్రపు గడ్డి కూడా ఉంది. నెమ్మదిగా పెరిగే ఆ గడ్డి మైదానాన్ని ఒక్క లంగరు పెళ్లగిస్తే మళ్లీ అల్లుకోవడానికి ఏళ్లు పడుతుంది.

‘తాబేళ్లను చూపిస్తాం, కనిపించకపోతే డబ్బు వాపసు’ అనే బోర్డులు లగనాస్, కేరి రేవుల్లో అడుగడుగునా ఉంటాయి. ఈ హామీ దగ్గరే ఆగి ఆలోచించాలి. మే, జూన్ నెలల్లో ఆడ తాబేళ్లు వందల సంఖ్యలో తీరానికి దగ్గరగా, వెచ్చటి నీళ్లలో చేరి గుడ్లు ఎదిగేదాకా సేదదీరుతుంటాయి. అప్పుడు చూపించడం కష్టం కాదు. ఆగస్టు వచ్చేసరికి చాలావరకు ట్యునీసియా వైపు గేబెస్ అఖాతానికో, ఉత్తరాన అడ్రియాటిక్ సముద్రానికో వెళ్లిపోతాయి. మిగిలేవి ఏడాది పొడవునా ఇక్కడే ఉండే కొన్ని తాబేళ్లు. పర్యాటకుల తాకిడి పతాక స్థాయికి చేరేది సరిగ్గా అప్పుడే. తల పక్కన పొలుసుల అమరిక ఏ రెండు తాబేళ్లకూ ఒకలా ఉండదు. పర్యాటకులు సామాజిక మాధ్యమాల్లో పెట్టిన ఫోటోల్లో ఆ పొలుసులను పోల్చి చూసిన పరిశోధకులు, పడవలన్నీ తిరిగి తిరిగి అవే కొద్ది తాబేళ్ల చుట్టూ మూగుతున్నాయని తేల్చారు. ఒకే తాబేలు చుట్టూ నాలుగైదు పడవలు చేరి, అది మునిగిన చోటల్లా వెంటాడుతుంటే, ఎక్కినవాళ్లు చూస్తున్నది తాబేలు బతుకును కాదు, దాని పారిపోవడాన్ని.

కాబట్టి పడవను ఎంచుకోవడమే ఇక్కడ ముఖ్యమైన పని. ముందే ఒక పడవ ఆగి ఉన్న చోటికి పోని, కొద్ది నిమిషాలు దూరంగా ఇంజను తగ్గించి నిలబడి వెనుదిరిగే, కనిపించకపోతే కనిపించలేదని చెప్పే నావికుడు దొరికితే అదృష్టం. ఎండ్రకాయ ముక్కలు, చేపలు ఎరవేసి తాబేలును పైకి రప్పించేవాళ్ల పడవ ఎక్కకూడదు. మేతకు అలవాటుపడ్డ తాబేలు మనుషులనూ పడవలనూ వెతుక్కుంటూ వచ్చి, కరవడమో ప్రొపెల్లర్ కింద పడడమో జరుగుతుంది. ఈదుతూ చూసేవాళ్లు పక్కగా, దూరంగా ఉండాలి. పైనుంచి కమ్ముకున్నా, ఎదురెళ్లినా అది ఊపిరి దారిని మూసినట్టే. తాబేలు దిశ మార్చిందంటే హద్దు దాటినట్టు లెక్క.

పడమటి కొండచరియల కింద సముద్రపు గుహల్లో మధ్యధరా మంక్ సీల్ ఉంటుంది. ప్రపంచంలో ఈ జాతి మొత్తం వెయ్యికి లోపే. గ్రీసులో రక్షణ ఫలించి సంఖ్య కాస్త పెరగడంతో 2023లో దీన్ని ‘అంతరించే ప్రమాదం’ జాబితా నుంచి ఒక మెట్టు దించి ‘దుర్బల’ జాబితాలో చేర్చారు. ఒకప్పుడు బహిరంగ తీరాల్లోనే పిల్లలను కన్న ఈ జంతువు, మనుషుల వేటకు జడిసి గుహల్లోకి చేరింది. పిల్లలు పుట్టేది ఎక్కువగా శరదృతువులో. లోపల ఇసుక ఉన్న ఏ గుహలోకీ ఈది వెళ్లకపోవడమే వీటి విషయంలో పాటించాల్సిన ఒకే నియమం. దీవి ఉత్తర కొసన స్కినారి దగ్గర నీలి గుహలకు పడవలు తిరుగుతూనే ఉంటాయి. అక్కడ సీల్ కోసం వెతకడం దండగ.

అఖాతానికి దక్షిణంగా, చాలా దూరంలో ఉన్న స్ట్రోఫాడెస్ లంకలు కూడా ఉద్యానంలో భాగమే. మధ్యయుగపు మఠం ఒకటి అక్కడ ఉంది. 1997 భూకంపంలో బాగా దెబ్బతింది. ఆఫ్రికా నుంచి వసంతంలో సముద్రం దాటి వచ్చే పక్షులకు తొలి మజిలీ ఈ లంకలు, నేల బొరియల్లో పొదిగే స్కోపొలి షియర్‌వాటర్ పక్షులకు గ్రీసులోకెల్లా పెద్ద స్థావరం. అనుమతి లేనిదే అక్కడ దిగకూడదు. అలసి వాలే గువ్వలను వసంతంలో దొంగచాటుగా కాల్చే అలవాటు జాకింథోస్‌లో ఇంకా పూర్తిగా పోలేదు.

తాబేళ్లను నీళ్లలో చూడాలంటే మే నెలాఖరు, జూన్; గూళ్లు, జాడలు చూడాలంటే జూన్, జూలై; పొద్దున్నే దారి తప్పిన పిల్ల ఎక్కడైనా కంటపడే అవకాశం ఆగస్టు, సెప్టెంబరుల్లో. అలా కనబడ్డ పిల్లను చేతిలోకి తీసుకుని నీళ్లలో వదలకూడదు. ఎండ పడకుండా నీడ చేసి, తీరంలో ఉండే ఉద్యాన కాపలాదారునో ఆర్కెలాన్ వాళ్లనో పిలవాలి. గాయపడ్డ పెద్ద తాబేలు కనిపిస్తే రేవు పోలీసులకు చెప్పాలి. చికిత్స అవసరమైన వాటిని ఏథెన్స్ శివారు గ్లిఫాడాలో 1994 నుంచి పాత రైలు పెట్టెల్లో నడుస్తున్న ఆర్కెలాన్ ఆసుపత్రికి పంపిస్తారు; కోలుకున్నాక తిరిగి సముద్రంలో వదులుతారు.